బంతమ్మ చూపు మేర

కర్ర చివరనున్న ఎర్ర బంతి మెల్లగా పక్కకు జరిగింది. దాని వెంట పిల్ల కళ్ళు జరిగాయి. కళ్ళ వెంట తల కూడా తిరగబోయింది.

"తల కాదమ్మా, కళ్ళు. తలకు ఇవాళ సెలవు," అంది బంతమ్మ.

పిల్ల నవ్వింది. నవ్వు వస్తే ఆ పిల్లకు ఒళ్ళంతా బిగుసుకుపోతుంది. వేళ్ళు ముడుచుకుంటాయి, మడమలు పైకి లేస్తాయి, కుర్చీకి పట్టీ లేకపోతే జారి కింద పడుతుంది. ఆ నవ్వు ఒంట్లోంచి దిగేదాకా ఆగి బంతమ్మ మళ్ళీ బంతి ఎత్తింది.

పుట్టుకలోనే మెదడుకు దెబ్బ తగిలి కాళ్ళూ చేతులూ మాట వినని పిల్లలు ఆ చికిత్సా కేంద్రానికి వస్తారు. వాళ్ళకు కంటి కసరత్తులు చేయించడం ఆమె ఉద్యోగం. అసలు పేరు జీతమిచ్చేవాళ్ళకు తప్ప ఎవరికీ గుర్తు లేదు. బంతి పట్టుకుని తిరుగుతుంది కనుక బంతమ్మ. తాను గుండ్రంగా ఉండబట్టి కూడా ఆ పేరు అంత గట్టిగా అతుక్కుందని ఆమే చెప్పి నవ్వుతుంది. కళ్ళు నిలిస్తే కాళ్ళు నిలుస్తాయని ఆమె నమ్మకం. తన పాదాలకేసి చూసుకుంటూ నడిచే పిల్ల ముందుకు తూలుతుంది; చూపు ఎదురుగా నిలిపితే మెడ నిలుస్తుంది, మెడతో పాటు నడుమూ నిలుస్తుంది. అందరికీ ఫలించదు. ఆ మాట తల్లులకు మొదటిరోజే చెప్పేస్తుంది. ఆశలు అమ్ముకునే రకం కాదు.

ఈ పిల్లను అందరూ పిచ్చుక అంటారు. తల్లి బట్టలు కుడుతుంది. పిల్ల తన కాళ్ళ మీద తరగతి గదిదాకా నడిచి వస్తే చేర్చుకుంటామనీ, ఎత్తుకొచ్చి కూర్చోబెడితే కుదరదనీ బడివాళ్ళు తేల్చి చెప్పారు. బడి తెరిచేది సోమవారం. అందుకే ఇవాళ ఎవరూ పట్టుకోకుండా పిల్లను వసారాలో నడిపించి చూద్దామనుకున్నారు. తల్లి మిషను మీద గుడ్డ కప్పేసి పొద్దున్నే వచ్చి, బయట బల్ల మీద కూర్చుని ఉంది.

బంతమ్మకు మాత్రం పొద్దుటినుంచీ మనసు కీడు శంకిస్తోంది. ఇంట్లోంచి బయల్దేరుతుంటే ఎడమ భుజం తలుపు చెక్కకు కొట్టుకుంది. నిన్నా అదే భుజం, అదే చెక్క.

"కాపురానికొచ్చిన నాటినుంచీ ఉన్న తలుపే కదా. ఇప్పుడేం పగ పట్టావు దాని మీద?" అన్నాడు భర్త.

అంతకుముందు ఆమె తిని లేచిన కంచం తీస్తూ, అందులో ఎడమ పక్కన తిండి అలాగే ఉండటం చూసి, "ఈ సగం ఎవరికి దాచావే?" అని కూడా నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఆ సగం అక్కడుందని అతను అనేదాకా ఆమెకు తెలియదు. కొన్నాళ్ళుగా కుడి చెవి వెనక నొప్పి. కళ్ళజోడు మార్చాలనుకుంది, డాక్టరుకు చూపించుకోవాలనుకుంది, పిచ్చుక నడిచాక వెళ్దాంలే అని వాయిదా వేసుకుంది. ఊళ్ళోవాళ్ళ పిల్లలందరికీ వేళకు పరీక్షలు చేయించే మనిషి తన దగ్గరికొచ్చేసరికి రేపు, ఎల్లుండి అంటుంది.

వసారా పొడుగ్గా ఉంటుంది. నడిచేవాళ్ళకు కుడివైపు గోడ. ఎడమవైపు ఆవరణలోకి దిగే రాతిమెట్లు, పట్టుకోవడానికి కమ్మీ కూడా లేదు. తల్లి వెళ్ళి ఆ చివర నిలబడింది. బంతమ్మ పిల్ల వెనక నిలబడి, నడుముకు తగిలీ తగలకుండా చేతులు పెట్టుకుంది.

"అదుగో అమ్మ. అమ్మ మొహమే చూడు. కింద చూశావంటే మీ అమ్మకు కోపమొస్తుంది."

పిచ్చుక అడుగేసింది. మోకాళ్ళు ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి. ఇంకో అడుగు పడింది. మరొకటి. బంతమ్మ వెనకే నడుస్తోంది. ఎదురుగా పిల్ల జడ ఊగుతోంది, గౌను అంచు ఊగుతోంది.

ఉన్నట్టుండి పిల్ల లేదు.

పడిన చప్పుడు లేదు. ఎదురుగా గచ్చు ఉంది, గోడ ఉంది, ఆ చివర తల్లి ఉంది. తల్లి మొహం తెల్లబోయి నోరు తెరుచుకుంటోంది. బంతమ్మ చేతులు పట్టుకోవడానికి ఏమీ లేక గాలిలో అలాగే ఉన్నాయి. తల్లి కేక వినబడ్డాక ఆమె మొత్తం ఒంటిని ఎడమకు తిప్పింది.

పిచ్చుక మెట్ల అంచున ఉంది. కసరత్తు పరుపులు మోసుకుని కిందనుంచి ఎక్కి వస్తున్న, కేంద్రంలోని చిన్న టీచరు వాటిని పారేసి, పిల్లను ఛాతీకి అదుముకుని మెట్టు మీద కూలబడి ఉంది. పరుపులు దొర్లుకుంటూ కిందికి పోయాయి.

"అక్కా! వెనకే ఉన్నావు కదా, పట్టుకోలేదేం?" అంది చిన్న టీచరు.

బంతమ్మ గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. కర్ర తీసుకుని, పిల్లలకు పట్టినట్టే బంతిని తన ముక్కుకు ఎదురుగా పట్టుకుని మెల్లగా ఎడమకు జరిపింది. ముక్కు దాటగానే బంతి మాయమైంది. చేతిలో కర్ర ఉంది, కర్రకు బంతి లేదు. కళ్ళజోడు తీసి చూసింది. ఒక కన్ను మూసి చూసింది, రెండోది మూసి చూసింది. రెండు కళ్ళదీ ఒకే మాట. ఇది కళ్ళ జబ్బు కాదని, కళ్ళ వెనక ఇంకెక్కడో ఉన్నదని ఆమెకు తెలిసిపోయింది.

కానీ ఆమెను కుర్చీలో కూలబడేలా చేసింది అది కాదు. ఎదురెదురుగా కూర్చుంటే ఆమె ఎడమ పిల్లకు కుడి. ఇన్నాళ్ళూ ఆ వైపుకు బంతిని తన కంటికి కనబడినంత మేరే జరిపి, అదే కొస అనుకుని వెనక్కి తెచ్చేసింది. పిల్ల కళ్ళు ఎడమకే సాగాయి. కళ్ళు ఎటు లాగితే ఒళ్ళు అటు పోయింది.

చిన్న టీచరును పిలిచి కర్ర ఇచ్చింది. "నువ్వు పట్టు. రెండు వైపులా పూర్తిగా జరుపు."

ఎడమకు పిచ్చుక కళ్ళు చక్కగా పోయాయి. కుడికి మధ్యదాకా వచ్చి ఆగిపోయాయి. ఆ తర్వాత తల, భుజం, నడుము అన్నీ కలిసి మెలితిరిగాయి. చిన్న టీచరు ఒకసారి బంతిని, ఒకసారి బంతమ్మను చూసి తల దించుకుంది.

బంతమ్మ పిచ్చుక తల్లి దగ్గరికి వెళ్ళి దాచకుండా చెప్పేసింది. ఆవిడ అంతా విని, పిల్ల గౌను కాలరు సరిచేసింది.

"అయితే మా పిల్లకు ఇన్నాళ్ళూ సగమే చూపించారా?"

"సగమే చూపించానమ్మా. మిగతా సగం నాకే లేదు."

"నాకేం చెప్పకండి. సోమవారానికి ఎలా?"

బంతమ్మ తన నీలం కోటు పై గుండీని పట్టుకుని మెలిపెట్టి తెంపింది. మందుల పెట్టెలోంచి గాయాలకు అంటించే పట్టీ తెచ్చి, వసారా కుడి గోడ మీద, పిచ్చుక కళ్ళ ఎత్తున ఆ గుండీని అంటించింది. పిల్లను గచ్చు మీద కూర్చోబెట్టి తానూ ఆయాసపడుతూ చతికిలబడింది. ఈసారి ఎదురుగా కాదు, పక్కన. పక్కన కూర్చుంటే ఇద్దరి కుడీ ఒకటే.

"అమ్మను చూస్తూ ఉండు. నేను అడిగినప్పుడు కళ్ళతో గోడను చూసిరా. ఏముంది అక్కడ?"

పిల్ల కళ్ళు కదిలి, వణికి, వెనక్కి వచ్చేశాయి. మళ్ళీ వెళ్ళాయి, మళ్ళీ వచ్చేశాయి. నీళ్ళు కారాయి. బంతమ్మ తన అరచేతిని పిల్ల గడ్డం కింద మెత్తగా ఆనించి ఉంచింది. మధ్యాహ్నం ఎండ మెట్లన్నీ ఎక్కి వసారాలోకి వచ్చేవేళకు తల కదలకుండా, కళ్ళు మాత్రమే గోడను ఒక్కసారి తాకాయి.

"గు…ండీ," అంది పిచ్చుక.

"బంగారుతల్లి," అంది బంతమ్మ. ఏడుపు వచ్చేసింది. ఆపుకోలేదు.

సాయంత్రం బంతమ్మ చిన్న టీచరు భుజం పట్టుకుని మెట్లు దిగింది. "రేపటినుంచి పిచ్చుక నీది. పిల్లలకు చూపు నేర్పుతున్నామని మురిసిపోకు. ఏడాదికోసారి నీ కళ్ళు కూడా ఎవరికైనా చూపించుకో."

"నువ్వు మళ్ళీ వస్తావుగా అక్కా?"

"ముందు వెళ్ళనీ," అంది బంతమ్మ.

ఆ రాత్రే భర్త ఆమెను పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాడు. తలకు ఫోటో తీశారు. లోపల గడ్డ బాగా పెరిగిందనీ, పొద్దున్నే పెద్ద డాక్టరు వస్తారనీ చెప్పారు. ఆమె మంచం మీద కుడివైపుకు తిరిగి, భర్త కనబడేలా పడుకుని నిద్రపోయింది. ఆ నిద్రలోంచి మళ్ళీ లేవలేదు.

సోమవారం బడి తెరిచారు. పిచ్చుక బడికి పోలేదు, వసారాకే వచ్చింది. చిన్న టీచరు మెట్ల వైపు నిలబడింది. పిల్ల అడుగేసింది, ఇంకోటి వేసింది, ఎడమకు ఒరగసాగింది. టీచరు చేతులు చాచింది. అంతలో పిల్ల దానంతట అదే ఆగింది. తల కదపలేదు. కళ్ళు మెల్లగా గోడకేసి వెళ్ళి కాసేపు అక్కడే ఉండి వచ్చాయి. ఒరిగిన పాదం ఊగి ఊగి మధ్యకు వచ్చి పడింది.

తల్లి దాకా చేరలేదు. సగం దూరంలో కాళ్ళు వణికి కూలబడింది. తల్లి వచ్చి ఎత్తుకుంది. వెళ్ళబోతూ గోడ దగ్గర ఆగింది. పట్టీ ఒక మూల లేచిపోయి ఉంది. ఆవిడ దాన్ని బొటనవేలితో గట్టిగా అదిమింది. పట్టీ కింద గుండీ, తెగిన నీలం దారం ఇంకా దాని కన్నాల్లోనే ఉంది.