రెండు లీగుల కొలతలు

నేను ఇరవై రెండేళ్ళు పాత లీగులో ఫుట్‌బాల్ ఆటగాళ్ళని కొలిచాను. ఎవడు ముప్పై మీటర్లు ఎన్ని సెకన్లలో ఉరుకుతాడు, నిలబడ్డచోటి నుంచి ఎంత ఎత్తు ఎగురుతాడు, రొప్పు రాకుండా ఎంతసేపు పరిగెడతాడు, అదీ నా ఉద్యోగం. జట్లలో అందరూ నన్ను టేపు సార్ అనేవాళ్ళు. నేనంటే వాళ్ళకి భయమూ లేదు, ఇష్టమూ లేదు. సీజన్‌కి రెండుసార్లు వచ్చిపోయే పళ్ళ డాక్టర్ని చూసినట్టు చూసేవాళ్ళు.

మా ఆవిడ తమ్ముడు ఆ లీగులోనే పన్నెండేళ్ళుగా ఎడమ వింగ్‌లో ఆడేవాడు. వాడికి ప్రేక్షకులు పెట్టిన పేరు డొంకతిరుగుడు. ఎదురుగా దారి ఖాళీగా ఉన్నా వాడు ఆ దారిన పోడు. ఆగి, వెనక్కి తిరిగి, అవతలి జట్టువాళ్ళు ఇద్దర్ని తన మీదికి రప్పించుకుని, వాళ్ళు వదిలొచ్చిన చోటికి బంతి తోసేవాడు. చూసేవాళ్ళకి ముందు విసుగొచ్చేది, తరవాత నవ్వొచ్చేది. నా పుస్తకంలో మాత్రం వాడి ముప్పై మీటర్ల పరుగు ఎప్పుడూ నాలుగు సెకన్ల ముప్పై ఎనిమిదే. "ముప్పై ఎనిమిదేమైనా నా చొక్కా సైజా బావా, ప్రతిసారీ అదే రాస్తావు?" అనేవాడు.

ఆరేళ్ళ కిందట కొత్త లీగు మొదలైంది. మావాళ్ళెవరూ దాన్ని లెక్కచెయ్యలేదు. "వాళ్ళ దగ్గర లైట్లున్నాయి, మన దగ్గర ఆటుంది" అనే మాట మా లీగులో ప్రతి డ్రెస్సింగ్ రూములోనూ వినిపించేది. మా ఇంట్లో భోజనాల దగ్గరా వినిపించేది. రెండు లీగుల జట్లూ ఒకదానితో ఒకటి ఎప్పుడూ ఆడలేదు. అందుకని ఎవరు గొప్ప అనే వాదన పేపర్లలో ప్రతివారం సాగేది, ఎవరికి నచ్చింది వాళ్ళు రాసుకునేవాళ్ళు.

చివరికి రెండు లీగుల పైనున్న సమాఖ్య నుంచి ఒక ఉత్తరం వచ్చింది. వచ్చే సీజన్ నుంచి ఒక్క లీగుకే మొదటి స్థాయి గుర్తింపు ఉంటుంది. రెండోదాన్ని వారాంతపు లీగు చేస్తారు. అంటే అందులో ఆడేవాళ్ళు మిగతా రోజుల్లో ఇంకో పని వెతుక్కోవాల్సిందే. ఏది ఉండాలో తేల్చడానికి చాలా చూస్తారట, అందులో ముఖ్యమైంది ఆటగాళ్ళ సత్తా. ఒక్కో లీగు నుంచి పద్దెనిమిది మంది, ఒకే మైదానం, ఒకే రోజు. కొలిచేది ఇద్దరం, మా తరఫున నేను, వాళ్ళ తరఫున ఒక మేడమ్.

మా పద్దెనిమిది మందిలో బావమరిది కూడా ఉన్నాడు. వాడికప్పుడు ముప్పై రెండేళ్ళు. పరుగుకి వాడిని ఎంచుకోకూడదని నాకు తెలుసు. కానీ వాడు లేకుండా మా లీగు జట్టంటే జనం ఊరుకోరని మా కార్యదర్శి పట్టుబట్టాడు.

కబురు తెలిసిన మర్నాడు పొద్దున్నే వాడు మా ఇంటికొచ్చాడు.

"ఇంకా ఆరు వారాలుంది. నా పరుగు టైము తగ్గించాలి బావా."

"ఈ వయసులో ఎంత తగ్గుతుందిరా?"

"ఎంతైతే అంత. ఒక్కడి వల్ల సగటు పాడైతే అందరూ మునుగుతారు."

లోపల్నుంచి మా ఆవిడ వచ్చి నిలబడింది. "గడియారం మీ చేతుల్లోనే ఉంటుందిగా" అంది నాతో, తమ్ముడి వైపు చూడకుండా.

"గడియారం కాదు, రెండు లేజర్ స్తంభాలు. మనిషి దాటగానే అంకె దానంతటదే పడుతుంది" అన్నాను.

"అంత అవసరం లేదులే అక్కా. నేనే తగ్గిస్తాను" అన్నాడు వాడు.

అప్పట్నించి రోజూ పొద్దున ఆరింటికి మేమిద్దరం పంపుహౌసు వెనకాల చదును నేలకి వెళ్ళేవాళ్ళం. మొదటి ఐదు మీటర్లలోనే వాడి తప్పంతా ఉంది. అలవాటు కొద్దీ తలెత్తి చుట్టూ చూస్తూ బయల్దేరేవాడు. "ఎవరున్నారని చూస్తున్నావు? ఇక్కడ నువ్వూ నేనే. తల దించు" అని అరిచేవాణ్ణి. పన్నెండేళ్ళు వాడికి అన్నం పెట్టిన అలవాటుని దగ్గరుండి మాన్పించాను. మూడో వారానికి నాలుగు సెకన్ల ముప్పై నాలుగు వచ్చింది. ఐదో వారానికి ముప్పై. మా ఆవిడ క్యాలెండరు మీద పెన్సిలుతో రాసి పెట్టుకునేది. ఆ ఆరు వారాల్లో మా ఇంట్లో ఉన్నంత సందడి పెళ్ళయిన కొత్తలో కూడా లేదు. వండినవి వండినట్టు వాడు ఖాళీ చేసేవాడు, ఆవిడ తిట్టుకుంటూ మళ్ళీ పొయ్యి వెలిగించేది.

పరీక్ష రోజు మబ్బుగా ఉంది. కొత్త లీగువాళ్ళు బస్సు దిగారు. పొగరుగా ఉంటారని నేననుకున్నాను. వాళ్ళు అందరికీ నమస్కారం పెట్టి, అడక్కుండానే నా కోన్లూ స్తంభాలూ మోసుకొచ్చి మైదానంలో పెట్టారు. నాకదేం నచ్చలేదు. పొగరుగా ఉంటే బాగుండేది.

ఒక్కొక్కరికి మూడు పరుగులు. బావమరిది మొదటిసారి ముప్పై రెండు, రెండోసారి ముప్పై. మూడోసారి తల దించుకుని బాణంలా వెళ్ళాడు. నాలుగు సెకన్ల ఇరవై ఏడు. మావాళ్ళందరూ చప్పట్లు కొట్టారు. వాడు నడుం మీద చేతులు పెట్టుకుని రొప్పుతూ నా దగ్గరికొచ్చి, అంకె చూసి, మళ్ళీ చూశాడు. జన్మలో వాడంత వేగంగా పరిగెత్తలేదు.

వాడి వెనకే ఒక పొడుగాటి మనిషి పరిగెత్తాడు. పెద్ద కష్టపడ్డట్టు కూడా కనిపించలేదు. ఇరవై ఒకటి.

"ఎవరతను? వింగరా?" అని బావమరిది మేడమ్‌ని అడిగాడు.

"గోల్‌కీపరండీ" అందావిడ. ఒక క్షణం తటపటాయించి, "రెండో గోల్‌కీపర్" అంది. ఆ గొంతులో గర్వం లేదు. మాకు చెప్పాల్సి వచ్చినందుకు ఇబ్బంది పడింది.

"మంచిది" అన్నాడు వాడు, వెళ్ళి నీళ్ళు తాగాడు.

సాయంత్రానికి లెక్కలు తేలాయి. పరుగులో, ఎగరడంలో, దమ్ములో, దేంట్లోనూ మేం దరిదాపుల్లో లేం. మా పద్దెనిమిదిలో అందరికన్నా వేగంగా పరిగెత్తినవాడు వాళ్ళ వరసలో పదహారో స్థానంలో ఉన్నాడు. మేడమూ నేనూ కాయితాల మీద సంతకాలు చేశాం. ఆవిడ ఒక్క అంకె కూడా అటూ ఇటూ చెయ్యలేదు, నేనూ చెయ్యలేదు.

ఇంటికెళ్ళి నేనొక పేజీ రాశాను. కొలతలకి అందనిది ఆటలో చాలా ఉందని, బంతి రాకముందే చూడ్డం, నిలబడాల్సిన చోట నిలబడ్డం, ఆగడం తెలియడం, ఇవి మావాళ్ళకి పుట్టుకతో వచ్చాయని. పేరు రాయలేదు గానీ అదంతా బావమరిది గురించే. జీవితంలో నేను రాసినవాటిలో అంత బాగా ఏదీ కుదరలేదు. మా కార్యదర్శి అది చదివి కళ్ళు తుడుచుకున్నాడు. "ఇదే మనం చెప్పాల్సింది. ఊరికే చెప్తే నమ్మరు. ఒక మ్యాచ్ అడుగుదాం" అన్నాడు. సమాఖ్య ఒప్పుకుంది. పది రోజుల తరవాత, ప్రేక్షకులు లేకుండా, అవే పద్దెనిమిది మంది. ఆ మ్యాచ్ అయ్యాకే నివేదికతో పాటు ఆ పేజీ పంపుదామనుకున్నాం.

ఆ పది రోజులూ మా లీగులో అందరి మొహాలూ తేటగా ఉన్నాయి. పరుగు పందెం పోతే పోయింది, ఇది ఆట.

మొదటి ఇరవై నిమిషాలు నిలబడ్డాం. బావమరిదికి బంతి అందింది. వాడు ఆగాడు, తిరిగాడు. మామూలుగా ఇద్దరు మీదికొస్తారు. ఈసారి ఒక్కడే వచ్చాడు. రెండోవాడు తన చోటు వదల్లేదు, బావమరిది కాలి వంక చూస్తూ నిలబడ్డాడు. బావమరిది బంతి తోసేసరికి అక్కడ వాళ్ళ మనిషి అప్పటికే ఉన్నాడు. ఇంకోసారి ఇంకోలా ప్రయత్నించాడు. అక్కడా ఉన్నాడు. సగం ఆటకి సున్నా రెండు. రెండో సగంలో ఇంకో రెండు. మావాళ్ళు గోలు వైపు కొట్టింది మొత్తం రెండుసార్లు. చివర్లో బావమరిది తన పద్ధతంతా వదిలేసి నేరుగా ఉరికాడు. పది అడుగులు పోకుండానే వెనకనుంచి ఒకడొచ్చి, తప్పేమీ చెయ్యకుండా, శుభ్రంగా బంతి తీసుకుపోయాడు.

నేను గట్టు మీద కూర్చుని వాళ్ళలో లోపం కోసం వెతికాను. వట్టి పరుగు మనుషులైతే చాలు, నా పేజీ బతుకుతుంది. కానీ వాళ్ళు చూస్తున్నారు, ఆగుతున్నారు, నిలబడాల్సిన చోటే నిలబడుతున్నారు. నేను పుట్టుకతో వచ్చిందని రాసిందంతా వాళ్ళకీ ఉంది. దానికి తోడు కాళ్ళలో వేగమూ ఉంది.

డ్రెస్సింగ్ రూముకి వచ్చాం. బూట్ల తాళ్ళు విప్పుకుంటూ బావమరిది అడిగాడు.

"ఆ పేజీ పంపించావా?"

"ఇంకా లేదు."

"పంపకు బావా. అబద్ధమవుతుంది."

"సీజన్ మధ్యలో మీరందరూ అలిసిపోయి ఉన్నారు..."

"వాళ్ళకీ సీజన్ మధ్యే కదా." రెండో బూటు తాళ్ళు కూడా విప్పాడు. "నేను చూసే చోటు వాళ్ళు నాకన్నా ముందే చూశారు. వేగం ఉన్నవాడికి చూడ్డానికి కూడా టైము మిగులుతుంది కాబోలు. ఇన్నాళ్ళూ నేను మనవాళ్ళతోనే ఆడి గొప్పవాణ్ణనుకున్నాను."

వాణ్ణి ఓదార్చడానికి ఇరవై రెండేళ్ళ నా పుస్తకాల్లో ఒక్క అంకె లేదు.

పేజీ పంపలేదు. పంపినా ఒరిగేదేమీ లేదు. రెండు నెలల తరవాత ఉత్తరం వచ్చింది, అందరం అనుకున్నట్టే. వాడి క్లబ్బు వారాంతపు లీగులో కూడా చేరకుండా మూసేశారు. మా ఆవిడ క్యాలెండరు తీసి ఎక్కడో పెట్టేసింది, ఎక్కడ పెట్టిందో నేనడగలేదు.

తరవాత కొత్త లీగు మేడమ్ నాకు ఫోన్ చేసింది. కొలతలకి మనిషి కావాలి, రమ్మంది. నేను నాలుగు రోజులు నీళ్ళు నమిలాను.

"వెళ్ళండి. ఇద్దరూ ఇంట్లో కూర్చుంటే ఎట్లా?" అంది మా ఆవిడ.

వెళ్ళాను. అక్కడ నన్ను టేపు సార్ అని ఎవరూ అనరు. చేరిన నెలకి, బావమరిదికి శిక్షకుడిగా ఏదైనా చోటు ఉందా అని పెద్దవాళ్ళని అడిగాను. ముందు రెండేళ్ళ కోర్సు చెయ్యాలన్నారు, చేసినా హామీ ఏమీ లేదన్నారు, చాలా మర్యాదగా చెప్పారు. నేను అడిగినట్టు వాడికి తెలుసు. ఏమన్నారని వాడు అడగలేదు, నేను చెప్పలేదు.

వాడిప్పుడు పార్సిళ్ళ డిపోలో పనిచేస్తున్నాడు. బెల్టు మీద వచ్చే పెట్టెల్ని ఊళ్ళవారీగా వేరుచెయ్యాలి. అక్కడా గంటకి ఎన్ని అనే కొలత ఉందట. కుర్రాళ్ళతో సమానంగా చెయ్యలేకపోతున్నాడని ఒకసారి హెచ్చరించారని మా ఆవిడ ద్వారా విన్నాను.

మొన్న ఆదివారం మధ్యాహ్నం షిఫ్టుకి ముందు మా ఇంట్లో తిని వెళ్దామని వచ్చాడు. టీవీలో కొత్త లీగు మ్యాచ్ వస్తోంది. వాడు లోపలికి రాగానే మా ఆవిడ గబుక్కున రిమోట్ తీసుకుంది.

"మార్చకు అక్కా, ఉండనీ. బాగా ఆడుతున్నారు" అన్నాడు.

కంచం ఒళ్ళో పెట్టుకుని చివరిదాకా చూశాడు. మధ్యలో ఏమీ అనలేదు. ఇదివరకైతే కుర్చీలో నిలవలేక అటు తోయ్, ఇటు తోయ్ అని టీవీతో పోట్లాడేవాడు. మ్యాచ్ అయ్యాక కంచం కడిగి బోర్లించాడు, డిపో చొక్కా తొడుక్కున్నాడు, గుండీలు పెట్టుకుంటూ టైమెంతయిందని నన్నడిగాడు. రెండున్నర అని చెప్పాను. మూడింటికల్లా గేటు దగ్గర ఉండాలి, వస్తానని చెప్పి వెళ్ళిపోయాడు.