వైర్‌లెస్ పెట్టెకి సెల్యూట్

గుంటూరు టౌను స్టేషనుకి వైర్‌లెస్ పెట్టె దిగిన రోజు నుంచీ మల్లేశ్వరికి అన్నం సయించడం లేదు.

ఆ పెట్టెకి తాడుతో కట్టిన మైకు ఒకటుంటుందట. బొత్తాం నొక్కి మాట్లాడితే ఊళ్లో ఎక్కడో జీపులో తిరుగుతున్న ఇన్‌స్పెక్టరు వెంకటనారాయణగారికి వినిపిస్తుంది. బొత్తాం వదిలితే ఆయన మాట ఇటు వస్తుంది. ఇన్నాళ్లూ ఎక్కడైనా కొట్లాట అయితే, కానిస్టేబులు సైకిలు తొక్కుకుంటూ పోయి కబురు చెప్పి, జీపు కదిలి వచ్చేసరికి, కొట్టుకున్నవాళ్లు రాజీపడి కాఫీ తాగుతూ ఉండేవాళ్లు. ఇక ఆ ఆలస్యం ఉండదట.

పెట్టె ముందు కూర్చునే పనికి ముగ్గురు కానిస్టేబుళ్లకు శనివారం పరీక్ష. వాళ్లలో మల్లేశ్వరి భర్త రాఘవులు ఒకడు. నెగ్గితే గుంటూరులోనే ఉంటాడు. లేదంటే పిడుగురాళ్లకు బదిలీ. అక్కడ అన్నీ సున్నపు బట్టీలు. ఇంటి చూరు దగ్గర్నుంచి ఎనుము వీపు దాకా తెల్లటి దుమ్ము. ఎనిమిది నెలల చంటాడికి మామూలు గాలికే రొమ్ములో పిల్లికూతలు. “దుమ్ము తగలనిచ్చావో, నన్నడక్కు,” అని పెద్దాసుపత్రి డాక్టరు ముందే చెప్పేశాడు.

బుధవారం పెట్టె దగ్గర అలవాటు చేయించారు. రాఘవులు మొహం వేలాడేసుకుని ఇంటికొచ్చాడు. అతను నోరు విప్పకముందే పక్క క్వార్టరు అమీర్‌బీ గోడ మీదుగా తల పెట్టింది. ఆమె భర్త జాన్ బాషా జీపు డ్రైవరు.

“ఏం రాఘవులన్నా, మిర్చి మార్కెట్టు దగ్గర బళ్లు అడ్డంపడ్డాయని చెప్పమంటే, జీపులోకి మూడు ‘అయ్యా’లు తప్ప ఇంకేం రాలేదంటగా?”

“నీకు జీపులోంచి సరాసరి వార్తలొస్తాయా చెల్లెమ్మా?” అన్నాడు రాఘవులు ఉడుక్కుంటూ.

“మా ఆయన నోటికి బొత్తాం లేదులే!”

ఆవిడ లోపలికి పోయాక మల్లేశ్వరి మెల్లగా అడిగింది, “అసలేమైందండీ?”

“అయ్యా అంటానా, చెయ్యి దానంతటదే లేచిపోతోంది. సెల్యూట్ కొట్టేస్తున్నాను. మైకు ఉన్నది ఆ చేతిలోనే. బొత్తాం మీద వేలు జారిపోతోంది, మాట తెగిపోతోంది.”

“ఆయన ఎదురుగా లేడుగా!”

“గొంతు ఉందిగా!”

“పోనీ, మైకు ఎడం చేత్తో పట్టుకోండి.”

రాఘవులు ఆమెను ఎగాదిగా చూశాడు. “ఎడం చేత్తో పట్టుకుని ఇనస్పెక్టరుగారితో మాట్లాడనా? మతి ఉండే అంటున్నావా?”

గురువారం, శుక్రవారం మల్లేశ్వరి వంటింటి తలుపు వెనక నిలబడి ఇన్‌స్పెక్టరయింది. మైకు అనుకోమని రాఘవులు చేతికి బియ్యం కొలిచే సోల ఇచ్చింది. గొంతు బొంగురు చేసి, “రాఘవులూ, ఏంటి సంగతి?” అంది. అతను గడగడా మొత్తం చెప్పాడు. చెయ్యి లేవలేదు.

“చూశారా! వచ్చేసిందిగా?”

“నీకు సెల్యూటేంటే? నా పెళ్లానివి!”

ఆమెకి ఏడుపొచ్చింది. ఐదో క్లాసుతో బడి మానిపించిన తన బుర్రకు ఇంకేం తడుతుందనుకుంది. చంటాడికి నూనె రాస్తూ ఊరికే అడిగింది, “అసలు సెల్యూట్ కొట్టకూడని వేళంటూ ఏదీ ఉండదా మీకు?”

“తల మీద టోపీ లేనప్పుడు కొట్టకూడదు. కొడితే డ్రిల్లు మాస్టరు మైదానం చుట్టూ పరిగెత్తిస్తాడు.”

“అయితే టోపీ తీసేయండి!”

“డ్యూటీలో టోపీ తీస్తే పనిష్మెంటు.”

శనివారం పొద్దున అతను స్నానం చేసి వచ్చేసరికి ఎర్ర టోపీ నీళ్ల బకెట్లో మునిగి ఉంది.

“చంటాడు టోపీలో ఉచ్చ పోశాడండీ,” అంది కళ్లెత్తకుండా.

రాఘవులు తల పట్టుకున్నాడు, బకెట్టు తన్నాడు, టైమైపోతోందని ఒట్టి తలతోనే పరిగెత్తాడు. అతను వీధి మలుపు తిరిగాక మల్లేశ్వరికి ఇంకో సంగతి తట్టింది. టోపీ లేదని పరీక్షకే కూర్చోనివ్వకపోతే? టోపీ పిండి, చంటాణ్ని చంకనేసుకుని స్టేషనుకి నడిచింది.

హెడ్డు కానిస్టేబులు చెంచురామయ్య వరండాలోనే ఎదురొచ్చాడు. “టోపీ తెచ్చావా తల్లీ? బతికించావు. ఇటివ్వు, లోపల మొదలవబోతోంది.”

టోపీ లేకపోయినా కూర్చోనిచ్చారన్నమాట! మల్లేశ్వరి టోపీ వెనక్కి దాచుకుంది. “తడిగా ఉందండీ బాబాయిగారూ.”

“తడైతే ఏం, టోపీ టోపీయేగా! ఇయ్యమ్మా!”

“జలుబు చేస్తుందండీ ఆయనకి.”

“పోలీసోడికి జలుబేంటి?” అని చెంచురామయ్య చెయ్యి చాచాడు. మల్లేశ్వరి టోపీని బెంచీ మీద బోర్లా పడేసి, దాని మీద చంటాణ్ని కూర్చోబెట్టేసింది. చంటాడు చెంచురామయ్య మీసం చూసి ఆరున్నొక్క రాగం అందుకున్నాడు. పెట్టెలోంచి ఇన్‌స్పెక్టరు గొంతు కిటికీ దాటి బయటికి వచ్చింది.

“రాఘవులూ! ఎక్కడేం జరిగింది?”

మల్లేశ్వరి కిటికీ చువ్వలు పట్టుకుని చూసింది. “అయ్యా,” అన్నాడు రాఘవులు. మైకుతో సహా చెయ్యి లేచింది. చెవి దాకా వెళ్లింది. తల మీద టోపీ లేదని గుర్తొచ్చి అక్కడే ఆగి, వెనక్కి దిగింది. బొత్తాం మీద వేలు కదల్లేదు. “మిర్చి మార్కెట్టు గేటు దగ్గర బండి ఇరుసు విరిగిందయ్యా. వెనక ఇరవై బళ్లు ఆగిపోయినై. నలుగురిని పంపించాలయ్యా.”

“భేష్! మొత్తం వినపడింది!” అంది పెట్టె.

పావుగంటలో జీపు వచ్చి ఆగింది. వెంకటనారాయణగారు దిగుతూనే రాఘవులు తలకేసి చూశారు. “టోపీ ఏదిరా?”

రాఘవులు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు. మల్లేశ్వరి ముందుకొచ్చింది. “తప్పు నాదండీ. టోపీ ఉంటే చెయ్యి లేస్తుంది, చెయ్యి లేస్తే మాట తెగుతుంది. నేనే తడిపేశాను. మమ్మల్ని పిడుగురాళ్ల పంపొద్దండీ. బిడ్డ ఆ దుమ్ముకి బతకడు.”

ఇన్‌స్పెక్టరు హెడ్డు కేసి చూశారు. “మిగతా ఇద్దరిదీ ఇదే రోగమటయ్యా చెంచురామయ్యా?”

“ఇదేనండి. ఒకడైతే మడమలు కూడా కొట్టాడండి.”

“అయితే రాసుకో. వైర్‌లెస్ గదిలో ఎవడూ టోపీ పెట్టుకోకూడదు. పెట్టె దగ్గర ఇతనే ఉంటాడు,” అని, మల్లేశ్వరి వైపు తిరిగి, “బదిలీ కాగితం నేను చించేస్తానమ్మా, ఇంటికెళ్లు,” అన్నారు.

మల్లేశ్వరి చంటాణ్ని ఎత్తుకుని రొమ్ముకి చెవి ఆనించింది. పిల్లికూతలు వినిపించాయో లేదో తెలియలేదు. తన గుండె చప్పుడే ఎక్కువగా ఉంది.

“టోపీ ఇటు తేవే,” అన్నాడు రాఘవులు. “అయ్యగారు వెళ్తున్నారు, సెల్యూట్ కొట్టాలి.”

మల్లేశ్వరి బెంచీ కేసి చూసింది. “ఇప్పుడు నిజంగానే పోశాడండీ,” అంది.