కేసింగ్ దిగే దాకా

మా దళానికి సైన్యం పెట్టిన పేరు చాలా పొడవు. మాలో ఎవరికీ అది నోరు తిరగలేదు. అందరూ ఎండు దళం అనేవాళ్లు. మా పని ఒకటే. శత్రువు ఎక్కడున్నాడో దాక్కుని చూసి, వెనక కొండ మీదున్న ఫిరంగులకు చెప్పడం.

శత్రువు నిరుడు వేసవిలో ఆకాశం నుంచి దిగాడు. వాడి ముఖం ఎవరూ చూడలేదు. వాడి యంత్రాలనే చూశాం. బోరు లారీకి కాళ్లు మొలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటాయి. అవి నడవాలన్నా కాల్చాలన్నా నీళ్లు తాగాలి. నీళ్లు దొరక్కపోతే నిలబడిన చోటే ఆగిపోతాయి. మావాళ్లు వాటికి దాహపోళ్లు అని పేరు పెట్టారు. అంత తెలివైన శత్రువు ఇన్ని నదులుండగా మా కరువు నేల కుందుర్పి వైపు ఎందుకు వచ్చాడని అడగవచ్చు. నదుల దగ్గర సైన్యం కాపలా ఉంది. మా దగ్గర కాపలా కాయదగింది ఏదీ లేదు.

ఆ యంత్రాలు చెమటను పసిగడతాయి. మొదట పంపిన జవాన్లు మంచి తిండి తిని పెరిగిన పిల్లలు. ఎండలో కారిపోయారు, దొరికిపోయారు. అప్పుడు ఎవరికో ఎండలోనే బతికే ఇక్కడి రైతులం, కూలీలం గుర్తుకొచ్చాం. ఒక డాక్టరు వచ్చి మమ్మల్ని మధ్యాహ్నం దాకా బండ మీద కూర్చోబెట్టి, చొక్కాలు విప్పించి వీపులు తడిమి చూశాడు. నా వీపు ఎండిన బండలా ఉంది. నా జన్మలో నేను మొదటి తరగతిలో పాసైన పరీక్ష అదొక్కటే. ఇంట్లో ఎవరున్నారని అడిగారు. భార్య పోయింది, పిల్లలు లేరు అన్నాను. ఆఫీసరు ముఖం వెలిగింది.

నాకు జోడీగా యేసన్నను ఇచ్చారు. మా ఊరివాడే. సెంటు భూమి లేదు. నా చేలో చాలాసార్లు కూలికి వచ్చాడు. వాడికొక కూతురు, కృపాకుమారి. ఊరు ఖాళీ చేయించినప్పుడు అందరితోపాటు ఆ పిల్లనూ కొండ అవతల రేకుల కొట్టాల్లో ఉంచారు. కూతురున్నవాణ్ణి ఎందుకు తీసుకున్నారంటే, వాడి వీపు నా వీపు కంటే పొడి.

మా కెప్టెన్ జయచంద్ర కోస్తా మనిషి. మంచివాడు. బాగా చెమట పడుతుంది కాబట్టి ఎప్పుడూ కొండ వెనకే ఉండేవాడు. ఆయన ఆజ్ఞ ఒకటే. యంత్రం బోరు వేస్తూ ఉంటే, తడి మట్టి బయటపడగానే ఫిరంగులకు కబురు పంపే పెట్టె మీది మీట నొక్కాలి. ఆలోచించకూడదు. అది మాకు కష్టం కాదని కూడా అన్నాడు. మేం నొక్కేవాళ్లం. గుండు ఈల వేసుకుంటూ వచ్చేది. ఆ ఈల విని యంత్రం బోరు వదిలి పరుగు తీసేది. గుండు ఖాళీ నేల మీద పడేది. యుద్ధమంతా ఇదే తంతు. మాకు వండిపెట్టే కదిరమ్మ ప్రతి సాయంత్రమూ ఒకటే అడిగేది.

"ఏమప్పా, ఈ పొద్దు ఎన్ని గుంతలు తవ్విచ్చినారు? చెట్లన్నా నాటుకుందాం."

ఒకరోజు ఒక యంత్రం నా చేలోకి వచ్చింది.

నా చేను గురించి కొంచెం చెప్పాలి. ఎర్ర నేల, దానికంటే ఎక్కువ రాళ్లు. అందులో ఏడు బోర్లు వేయించాను. ఏడింట్లోనూ దుమ్మే. ప్రతిసారీ ఇంటికి పోయి, అడుగున తడి తగిలింది, ఊరుతుంది, వచ్చే పంట కారుకు చేనికి నీళ్లు కడదాం అని నా భార్య సువర్ణకు చెప్పేవాణ్ణి. మొదట్లో నమ్మింది. తర్వాత నమ్మినట్టు కూర్చుంది. ఆ తర్వాత నేను చెబుతూ ఉండగానే బిందె తీసుకుని ట్యాంకరు దగ్గరికి పోయేది. యుద్ధానికి ముందే జ్వరంతో పోయింది. అప్పటి నుంచి నేను అబద్ధం చెప్పడానికి ఇంట్లో ఎవరూ లేరు.

చేలోంచి ఏరి పోసిన రాళ్ల కుప్ప వెనక నేనూ యేసన్నా పడుకున్నాం. పెట్టె నా చేతిలో ఉంది. యంత్రం నా పాత బోర్ల దగ్గరికి ఒక్కొక్కదానికే పోయింది. మూతి పెట్టి వాసన చూసి, ముందుకు నడిచింది. ఊరంతా నవ్వినప్పుడు కూడా నాకంత సిగ్గేయలేదు. చివరికి ఉత్తరం గట్టు పక్కన తంగేడు పొదల దగ్గర నిలబడి బోరు మొదలుపెట్టింది.

తెల్ల దుమ్ము లేచింది. ఆ దుమ్ము నాకు చుట్టం. యంత్రం ఎంతకీ ఆగలేదు. నేను డబ్బు లేక ఆపేసిన లోతు దాటి పోయింది. అప్పుడు దుమ్ము రంగు మారింది. ముద్దలు ముద్దలుగా తడి మట్టి పడింది.

నా వేలు మీట మీదే ఉంది.

బోరు వేసే చోట చెప్పులు వేసుకోకూడదని మావైపు పట్టింపు. ఎప్పుడు విప్పానో తెలియదు, నా బూట్లు పక్కన ఉన్నాయి. సైన్యం ఇచ్చిన బూట్లు, గుడి ముందు విప్పినట్టు జతగా ఉన్నాయి.

"నొక్కప్పా," అన్నాడు యేసన్న.

"ఉండు."

"తడి కనపడ్లేదా?"

"కనపడింది. కేసింగ్ గొట్టం దిగనీ. ఇప్పుడు కొట్టినారంటే మట్టి కూలి బోరు పూడిపోతాది."

యేసన్న నా ముఖంలోకి చూశాడు. శత్రువు కేసింగ్ దింపే దాకా ఆగుదామన్న సిపాయి ఏ యుద్ధంలోనైనా నేనొక్కణ్ణే అయ్యుంటాను.

"నీకు మతి ఉండాదా ఈశ్వరప్పా? అది తాగిందంటే చెమట వాసన పట్టి నేరుగా కొట్టాల కాడికే పోతాది. నా బిడ్డ ఆడుండాది."

"ఒక్క గొట్టం. దిగనీ."

వాడు పెట్టె లాగబోయాడు. నేను వదల్లేదు. ఇద్దరు ముసలివాళ్లం పడుకునే పెనుగులాడాం. చప్పుడు కాకూడదు, చెమట పట్టకూడదు. ఎవరైనా చూసి ఉంటే మేం ఒకరికొకరు జోల పాడుకుంటున్నామని అనుకునేవాళ్లు. వాడు నా మణికట్టు కొరికాడు. అంతలో నీళ్లు లేచాయి. మనిషెత్తు లేచి, ఎండలో తెల్లగా విరిగి, నా చేలో పడ్డాయి.

యేసన్న పట్టు సడలింది.

"ఎన్ని ఇంచుల నీళ్లుంటాయన్నా?" అన్నాడు.

"మూడు."

"మూడు దాటతాయి."

ఆ పైన వాడి పెదాలు కదిలాయి. ప్రార్థన చేస్తున్నాడో, ఆ నీళ్లకు ఎంత చేను పారుతుందో లెక్క కడుతున్నాడో తెలియలేదు. కంచులా మెరిసే గొట్టం ఒకటి నేలలోకి దిగింది. యంత్రం కాళ్లు ముడుచుకుని దాని మీద కూర్చుని, మూతి గొట్టానికి బిగించింది. యేసన్నకు కూతురు గుర్తుకొచ్చింది.

"అన్నా, తాగతాండాది," అన్నాడు.

అప్పుడు నొక్కాను.

ఈల వినిపించింది. యంత్రం లేవబోయింది, లేవలేకపోయింది. గొట్టానికి బిగించిన మూతి అంత త్వరగా ఊడి రాదు, మన పంపుసెట్లలాగే. మొదటి గుండు దాని నడుము విరిచింది. రెండోది దాన్ని గట్టు అవతలికి పడేసింది. మా వైపు కూలిన మొదటి యంత్రం అదే. నేను వట్టి కాళ్లతో పరిగెత్తాను. శత్రువును చూడటానికి కాదు. గొట్టం చెక్కుచెదరలేదు. నీళ్లు అంచు మీదుగా పొర్లుతున్నాయి.

కెప్టెన్ కారుతున్న చెమటతోనే వచ్చి నన్ను కౌగిలించుకున్నాడు. ఇన్నాళ్లూ తొందరపడి మీట నొక్కించి తప్పు చేశామనీ, శత్రువు కదల్లేని క్షణం కోసం నేను కాచుకున్నాననీ తనే చెప్పాడు. నేను కాదనలేదు.

"అంతసేపు ఏమాలోచించారు, ఈశ్వరప్పా?"

"దేశం గురించి సార్."

యేసన్న దగ్గాడు. బూట్లెందుకు విప్పానని అడిగితే చప్పుడు కాకుండా అన్నాను. ఇప్పుడు అన్ని దళాలకూ అదే పాఠం. గొట్టం దిగే దాకా మీట నొక్కకూడదు, బూట్లు విప్పి పక్కన పెట్టాలి. బెళుగుప్ప నుంచి విడపనకల్లు దాకా సిపాయిలు అరికాళ్లు బొబ్బలెక్కించుకుంటూ నా తెలివిని ఆచరిస్తున్నారు. యంత్రాలు కూలుతున్నాయి కూడా. నాకు పతకం ఇచ్చారు. అది మెడలో వేసుకుంటే చెమట పడుతుంది.

ఆ రోజే కెప్టెన్ ఇంకో మాట చెప్పాడు. నీళ్లు పడిన బోరును అలా వదిలేస్తే ఇంకో యంత్రం వచ్చి తాగుతుంది. కాంక్రీటుతో మూసేయాలి. దేశం గురించి ఆలోచించినవాణ్ణి, ఏమంటాను? కాంక్రీటు లారీ వచ్చే లోపల వంగి ఒక దోసెడు తాగాను.

"ఎట్లుండాయి?" అన్నాడు యేసన్న.

"ఉప్పు."

వాడూ వంగి తాగాడు. గుటకలు పడటం చూశాను. మూతి తుడుచుకుని, "అవును, ఉప్పే. తాగేకి పనికిరావు" అన్నాడు. మళ్లీ వంగి ఇంకో దోసెడు తాగాడు.

మరుసటి రోజు జోడీ మార్పించుకున్నాడు. కెప్టెన్‌తో ఒక్క మాట చెప్పలేదు. కూతురికి మాత్రం చెప్పినట్టున్నాడు. నేను కొట్టాల వైపు పోతే కృపాకుమారి లేచి లోపలికి పోయి తలుపు వేసుకుంటుంది. నా మణికట్టు మీద వాడి పళ్ల గుర్తు ఇంకా ఉంది. దాన్ని యుద్ధంలో తగిలిన గాయమని రాసుకున్నారు.

ఈ ఎండకు కాంక్రీటు పగలకుండా ఆరే దాకా రోజూ తడపాలట. అందుకోసం సైన్యం నా చేనికి ట్యాంకరు పంపుతోంది. చేను నాది కాబట్టి పని కూడా నాకే అప్పజెప్పారు. ఇంటి నుంచి సువర్ణ బిందె తెచ్చుకున్నాను. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నింపి, మూసేసిన బోరు మీద పోస్తాను. కాంక్రీటు తాగినంత తాగి, మిగిలింది నేల మీదికి పారుతుంది.

ఆమెకు చెప్పినట్టే, చేనికి నీళ్లు కడుతున్నాను.