అయిదో కాలు

బోణీ వేళ వచ్చినవాణ్ణి కాదని పంపేస్తే ఆ రోజంతా షట్టరు తీసి కూర్చున్నా దండగేనని పాలకొల్లులో రేడియో మెకానిక్ బుల్లియ్య నమ్మకం. అతనొక్కడిదే కాదు, ఆ వీధిలో ఉల్లిపాయల బండివాడి దగ్గర్నుంచి బంగారం కొట్టు యజమాని దాకా అందరి నమ్మకమూ అదే. అందుకే 2008లో ఓ శుక్రవారం పొద్దున్నే, అగరొత్తి సగమైనా కాలకముందే గణేష్‌బాబు వచ్చి బల్ల మీద నల్లటి పెట్టె ఒకటి పెట్టి "ఇది అవుతుందాండి?" అంటే, అదేమిటో కూడా చూడకుండా బుల్లియ్య "ఆయ్, ఎందుకవదండి!" అనేశాడు. నోరా, వీపుకు దెబ్బలు తేకే అని పెద్దలు ఊరికే అన్నారా?

ఆ పెట్టె చేతుల్లో పట్టుకుని వీడియో గేములు ఆడుకునే పీఎస్పీ. గణేష్‌బాబు భీమవరంలో కంప్యూటర్ పాఠాలు చెప్పే లెక్చరరు. ఆరు నెలలు కూర్చుని, మన పులి-మేక ఆటను ఆ పెట్టెలో ఆడేలా సొంతంగా ప్రోగ్రాం రాసుకున్నాడు. రాసుకుంటే ఏం లాభం? కంపెనీవాడు ముద్ర వేసిన ఆట తప్ప ఆ పెట్టె ఇంకోటి ముట్టదు. పరాయింట మంచినీళ్ళయినా తాగని మడి ముసలమ్మ లాంటిది.

"దీని బ్యాటరీలో ఎనిమిది కాళ్ళ చిప్పు ఒకటుందండి," అన్నాడు గణేష్‌బాబు. "అందులో అయిదో కాలు ఒక్కటీ బోర్డు మీంచి పైకి లేపాలి. అలా లేపిన బ్యాటరీ పెడితే, కంపెనీ మెకానిక్కే వచ్చాడనుకుని ఇది నా మెమరీ కార్డులో ఉన్నది చదువుతుంది. నా పని నేను చేసుకున్నాక ఆ కాలు మళ్ళీ అతికించెయ్యాలి. పక్క కాలు విరిగిందంటే మాత్రం బ్యాటరీ పోయినట్టేనండి. దుబాయ్ నుంచి తెప్పించింది, ఇక్కడ దొరకదు. మీ చెయ్యయితేనే ఇవ్వమన్నాడు మా మావయ్య."

సాయంత్రం వస్తానని చెప్పి అతను వెళ్ళిపోయాడు. బుల్లియ్య తన కుడిచేతి వంక చూసుకున్నాడు.

అసలు సంగతేమిటంటే, ఆ చెయ్యి ఏడాదిగా వణుకుతోంది. పాత టీవీలూ మిక్సీలూ అయితే మోచెయ్యి బల్లకానించి, ఊపిరి బిగబట్టి ఎలాగో నెట్టుకొస్తున్నాడు. మనిషి ఎదురుగా ఉంటే పని ముట్టడు, "రేపు రండి" అంటాడు. డబ్బులు ఎడమచేత్తో పుచ్చుకోవడం తప్పని, అసలు చేత్తోనే పుచ్చుకోకుండా "అక్కడ పెట్టండి" అంటాడు. నలభై ఏళ్ళ పేరు మరి! చెయ్యి పోయిన మెకానిక్కు దగ్గరికి ఎవడొస్తాడు? ఊళ్ళో తెలిసిన మర్నాడే కొట్టు మూసుకోవాలి. ఆ భయంతో కట్టుకున్న పెళ్ళానికి కూడా చెప్పలేదు.

బ్యాటరీ మూత విప్పి, భూతద్దం కింద పెట్టి చూశాడు. ఆ కాళ్ళు నువ్వుగింజ కంటే సన్నం. సోల్డరింగ్ ఐరన్ వేడెక్కించి దగ్గరికి తెస్తే, దాని మొన అయిదో కాలు మీదా నాలుగో కాలు మీదా గెంతులేస్తోంది. తీసేశాడు. చేతికి తువ్వాలు చుట్టి మళ్ళీ ప్రయత్నించాడు. ఈసారి మొన చిప్పు నెత్తికి తగిలి చిన్న మచ్చ పడింది. బోణీ పని వెనక్కిచ్చే మొహం లేదు, చెయ్యబోతే చెయ్యి లేదు. కక్కలేడు, మింగలేడు.

కొట్టు వెనకే ఇల్లు. వెనకగది గుమ్మంలో అతని భార్య అచ్చాయమ్మ లేసు అల్లుకుంటూ కూర్చుంటుంది. పన్నెండో ఏట పట్టిన సూది, యాభై నాలుగేళ్ళు వచ్చినా దింపలేదు. ఆవిడ లేచి వచ్చి బల్ల పక్కన నిలబడింది. బుల్లియ్య గబుక్కున చెయ్యి తువ్వాల కింద దాచాడు.

"తియ్యండి ఆ చెయ్యి," అంది.

"ఏంటే నీ గోల? పనిలో ఉన్నాను."

"ఏడాది నుంచీ మీకు టీ అరగ్లాసే ఎందుకు పోస్తున్నాననుకున్నారు? పాలు చాలకనా?"

బుల్లియ్యకు ముందు ఒళ్ళు మండింది. తర్వాత సిగ్గేసింది. ఆ తర్వాత, అరవయ్యేళ్ళ మగాడు చెప్పుకోకూడదు గాని, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఏడాదిపాటు తను దాచాననుకున్నాడు. దాచింది ఆవిడ.

"ఏ కాలో చెప్పండి," అంది అచ్చాయమ్మ లేసు సూది కొంగుతో తుడుచుకుంటూ.

"ఇదేమన్నా లేసనుకున్నావా!"

"లేసేమన్నా తేలికాండీ? ఒక్క కుట్టు తప్పితే కొనే ఏజెంటు మొహాన కొట్టి పోతాడు. ముందు చెప్పండి."

ఇంకేం చేస్తాడు, చెప్పాడు. చుక్క ఉన్న దగ్గర ఒకటో కాలు, అక్కణ్ణుంచి వరసగా నాలుగు, అవతలి వరసకు మళ్ళగానే మొదటిది అయిదోది. కుట్లు లెక్కపెట్టుకునే మనిషికి అదో లెక్కా? ఎడమచేత్తో ఐరన్ ఆనించి, సీసం మెత్తబడగానే కుడిచేతి సూది కొక్కేన్ని కాలు కిందికి దూర్చి, వెంట్రుకవాసి పైకెత్తింది. పక్క కాళ్ళు చెక్కుచెదరలేదు. "అంతేనా?" అంది. అంతే. పోయి పొయ్యి మీద పప్పు చూసుకుంది.

నాలుగింటికి గణేష్‌బాబు వచ్చాడు. కార్డు దూర్చి బ్యాటరీ పెడితే, స్విచ్చి నొక్కకుండానే పెట్టె దానంతటదే వెలిగింది. అతను ఏవో మీటలు నొక్కుతూ, గోళ్ళు కొరుక్కుంటూ పావుగంట కూర్చున్నాడు. ఆఖరికి బ్యాటరీ ఊడదీసి, చార్జరు తీగ తగిలించి ఆన్ చేస్తే తెర మీద ముగ్గు గీతలు పడ్డాయి. వాటి మీదికి మూడు పులులు వచ్చి కూర్చున్నాయి.

"అబ్బ! ఆరు నెలలండి!" అని ఎగిరి గంతేశాడు గణేష్‌బాబు. "ఏం చెయ్యండీ బాబూ మీది! మా స్నేహితులవి ఇంకో మూడున్నాయి, అన్నీ మీకే తెస్తాను. ఆ కాలొక్కటీ అతికించెయ్యండి, పట్టుకుపోతాను. కూర్చుంటాను, నాకేం తొందర లేదు."

నిజంగానే స్టూలు లాక్కుని బల్లకు ఎదురుగా కూర్చున్నాడు.

"రేపు రండి" అన్న మాట బుల్లియ్య నాలిక చివరి దాకా వచ్చింది. ఏడాదిగా అలవాటైన మాట. అంటే సరి, రాత్రికి ఆవిడ అతికిస్తుంది, పొద్దున్న ఇతను వచ్చి మళ్ళీ తన చేతినే పొగుడుతాడు. టీ మరిగే వాసన వస్తోంది లోపల్నుంచి.

"అచ్చాయమ్మా, సూది తీసుకుని ఇలా రా," అని పిలిచాడు.

ఆవిడ వచ్చేసరికి తన కుర్చీలోంచి లేచాడు. గణేష్‌బాబు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. "అమ్మగారేంటండి?"

"పొద్దున లేపింది ఆవిడేనండి. నా చెయ్యి ఏడాది నుంచీ వణుకుతోంది." బుల్లియ్య కుడిచెయ్యి తీసి బల్ల మీద పెట్టి చూపించాడు.

గణేష్‌బాబు ఆ చేతి వంక చూశాడు. తర్వాత బ్యాటరీని మెల్లగా బుల్లియ్య ముందు నుంచి జరిపి, అచ్చాయమ్మ ముందు పెట్టాడు. "జాగ్రత్తమ్మగారూ," అన్నాడు.

బుల్లియ్య ప్రాణం చివుక్కుమంది. ఏడాదిగా భయపడిందల్లా ఇందుకే. అదీ అయిపోయింది. అచ్చాయమ్మ కుర్చీలో సర్దుకు కూర్చుని ఐరన్ అందుకుంది. ఇక దాచేందుకేమీ లేక, ఆ చెయ్యి బల్ల మీదే ఉండి, అందరి ఎదుటా వణుకుతోంది.