అత్తగారు ఎక్కిన జీపు

షెడ్డు అత్తగారిది, జీపు అల్లుడిది. గొడవంతా అక్కడే ఉంది.

ఆ జీపు అల్లుడి నాన్న హయాం నాటిది. ఆయన ఒళ్ళో కూర్చునే స్టీరింగు పట్టడం నేర్చుకున్నాడు. అది పోతే నాన్న మళ్ళీ పోయినట్టే అతనికి. ఆ మాట నోరు తెరిచి చెబుతాడా అంటే చెప్పడు, వెళ్ళి ఇంకో నట్టు బిగిస్తాడు. షెడ్డులో కుట్టుమిషన్లు పెట్టుకుందామని చూస్తున్న అత్తగారికి ఓపిక నశించింది. "ఆదివారం ఇది తన చక్రాల మీద తాను గేటు దాటిందా, ఇక్కడే ఉంటుంది. లేదా, తూకానికి పోతుంది" అంది. ఆవిడ మాటంటే మాటే.

పోనీ ఇంజను బాగుచేసుకుని ఊరుకోవచ్చు కదా. ఊరుకుంటే అతనెందుకవుతాడు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికొకడు. గుట్టలెక్కాలని లావు టైర్లు వేశాడు. అడుగున రాళ్ళు తగలకూడదని చక్రాల మీద గట్టి స్ప్రింగు కమాన్లు బిగించి బండిని పైకి లేపాడు. బోల్తా పడినా తల పగలకూడదని పైన ఇనపగొట్టాల పంజరం వెల్డింగ్ చేయించాడు. ఇదంతా షెడ్డు లోపలే.

ఆదివారం ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. అల్లుడి కళ్ళు చెమర్చాయి. గేరు వేసి ముందుకు పోనిచ్చాడు. ఠంగుమంది. పంజరం గుమ్మం మీది ఇనప దూలానికి తగిలి బండి ఆగిపోయింది.

టైర్లలో గాలి సగం తీశాడు. ఇంకా బెత్తెడు ఎక్కువే.

పాత ఇనుము కొనేవాణ్ణి అత్తగారు పొద్దున్నే పిలిపించి ఉంచింది. "తీసుకుపో నాయనా" అంది. వాడు దూలాన్నీ జీపునీ చూసి బుర్ర గోక్కున్నాడు.

"బయటికే రానిది నేనెలా తీసుకుపోతానమ్మగారూ? ఇక్కడే కోయాలంటే షెడ్డు కూడా కోయాలి."

అత్తగారు అల్లుడి వైపు తిరిగింది. "ఇది కిందికి దిగాలంటే ఏం చెయ్యాలి?"

"బరువు పడాలండీ. కమాన్లు అణుగుతాయి."

"అంతేనా? జరగవే" అని కూతుర్ని ముందు ఎక్కించి, స్టూలు వేసుకుని తనూ ఎక్కింది. జీపు మూలిగి దిగింది. అల్లుడికి అప్పుడొక సంగతి తట్టింది. భార్యకీ తట్టినట్టుంది, పెదవి బిగబట్టి అటు తిరిగి కూర్చుంది. అతను కిక్కురుమనకుండా స్టీరింగు పట్టుకున్నాడు.

ఇంకా రెండు వేళ్ళ ఎత్తు మిగిలింది.

"చూస్తావేం, నువ్వూ ఎక్కు" అంది అత్తగారు ఇనుమువాడితో. వాడు తూకంరాళ్ళతో సహా ఎక్కాడు. పంజరం దూలాన్ని గీరుకుంటూ బయటపడింది. జీపు వాకిలి దాటి, గేటు దాటి, రోడ్డు మీద ఆగింది.

"అత్తయ్యగారూ" అన్నాడు అల్లుడు మెల్లిగా, "గేటు దాటిందండీ."

తనన్న మాట అత్తగారికి అప్పుడు గుర్తొచ్చింది. తిడదామని నోరు తెరిచి, అటూ ఇటూ చూసింది. ఆ ఎత్తు నుంచి పక్కింటి ప్రహరీ లోపలంతా కనిపిస్తోంది. ఏనాడూ పలకరించని పక్కింటావిడ తలెత్తి మరీ చూస్తోంది.

"అన్నాను కదా, ఉండనీ. కుట్టుమిషన్లు వరండాలో పడతాయిలే" అంది సర్దుకుని కూర్చుంటూ. "ముందు గాలి కొట్టించు. ఆ తర్వాత గుట్ట దాకా పోనీ."

అల్లుడు గేరు వేశాడు.

"అయితే నన్నిక్కడ దింపెయ్యండమ్మా" అన్నాడు ఇనుమువాడు వెనక నుంచి.

"కూర్చో నాయనా" అంది అత్తగారు. "మళ్ళీ లోపల పెట్టొద్దూ?"