బతికున్నవాళ్ల వైపు

ఆ రోజు మూడో చర్చిలోనూ సవేతా కొవ్వొత్తిని బతికున్నవాళ్ల పెట్టెలోనే గుచ్చింది. గుమ్మం పక్కన ఇసుక పోసిన రేకుపెట్టెలు రెండున్నాయి, ఒకటి బతికున్నవాళ్లకి, ఇంకోటి పోయినవాళ్లకి. ఔరికా తన మొగుడికి నిండు కొవ్వొత్తీ, అత్తకు మాత్రం విరిగిన ముక్కా రెండో పెట్టెలో గుచ్చి చేతులు దులుపుకుంది.

"ఒసే, నీ సాందు ఇంకా బతికే ఉన్నాడంటావా?"

"చచ్చాడని ఎవరు చూశారు?" అంది సవేతా, ఎప్పటిలాగే.

వాళ్లిద్దరూ, తుదోరిత్సా, ముగ్గురూ ఒకే ఆసుపత్రి చాకిరేవులో పనివాళ్లు. ఆదివారం కదా అని ఊరి నుంచి పొద్దుటి బస్సెక్కి బుకారెస్ట్ చూడ్డానికి వచ్చారు. దుప్పట్లు ఇస్త్రీ చేసి చేసి సవేతా వేళ్ల కొసలు నున్నగా అరిగిపోయాయి. ఎక్కడ కూర్చున్నా ఒళ్లోని గుడ్డ మడతల్ని అరచేత్తో సాపు చేస్తూనే ఉంటుంది.

దేశం దాటబోతే కాల్చేసే సరిహద్దు కాపలాల రోజుల్లో, పెళ్లైన కొత్తలోనే, ఆమె మొగుడు సాందు డాన్యూబ్ నది ఈది అవతలి దేశానికి పోతానన్నాడు. కుదురుకున్నాక పిలిపించుకుంటానన్నాడు. పిలుపూ రాలేదు, శవమూ రాలేదు. చేతిలో కొవ్వొత్తి వెలగకుండా వచ్చే చావు పగవాడికి కూడా వద్దంటారు అక్కడ. అలా పోయిన ప్రాణం చీకట్లో తడుముకుంటూ తిరుగుతుందట. రెండో పెట్టెలో వెలిగిస్తే, మొగుడు చీకటి నీళ్లలో మునిగిపోయాడని ఒప్పుకున్నట్టే. ఆ మాట ఒప్పుకోవడానికి ఆమెకు గుండె చాల్లేదు.

పెద్ద ప్యాలెస్ ముందు తుదోరిత్సా వాచిన కాళ్లు నొక్కుకుంటూ, "ఇంత కొంప ఊడ్చేదెవరే బాబూ!" అని నోరు తెరిచింది. అప్పుడే లోపలికెళ్లే జనం వరసలో ఒక వీపు కనబడింది. అచ్చం సాందుదే ఆ వాలు భుజం. సవేతా గబగబా వెళ్లింది. అతను తిరిగాడు, ఎవరో. ట్రామ్‌లో మళ్లీ ఒక వీపు. చిష్మిజ్యూ తోటలో చెరువు మీద పడవ తోస్తూ ఇంకొకటి. గట్టు వెంబడి పరుగెత్తి, రొప్పుతూ గుండె పట్టుకుని నిలబడిపోయింది.

ఔరికా వచ్చి రెక్క పట్టుకుని బల్ల మీద కూర్చోబెట్టింది. ఈసారి నవ్వలేదు.

"పొద్దుట్నించీ చూస్తున్నానే. నువ్వు వెంటపడ్డ ముగ్గురూ పాతికేళ్ల కుర్రాళ్లే. బతికుంటే మీ ఆయన నాలాగా పళ్లూడిన ముసలాడు కదే. ఒక్క ముసలాడి మొహమైనా చూశావా?"

సవేతా ఒళ్లోని మడతలు సాపు చేస్తూ ఆలోచించింది. నిజమే. ఆమె మనసులో సాందుకు ఒక్క వెంట్రుకా నెరవలేదు. బతికినవాళ్లు ముసలివాళ్లవుతారు. వయసు ఆగిపోయేది పోయినవాళ్లకే.

"అయ్యో దేవుడా! ఇన్నేళ్లూ ఆయన్ని నేనే చీకట్లో ఉంచేశానే," అంది.

బస్టాండు పక్కనున్న చిన్న చర్చిలో, రెండో పెట్టె ముందు ఆమె చెయ్యి ఆగింది. "ఇప్పుడెందుకే, ఆలస్యమైపోయింది."

"వెలుగుకి వేళేంటే, పిచ్చిదానా! గుచ్చు."

గుచ్చింది. అందరూ చూస్తుండగానే గొంతెత్తి ఏడ్చింది, సిగ్గుపడకుండా, చంటిపిల్లలా. ఔరికా ఆమె సంచీ పట్టుకుని పక్కనే నిలబడింది.

తిరుగు బస్సులో ఉప్పురొట్టె తిని, "ఒళ్లు తేలిగ్గా ఉందే," అని ఔరికా భుజం మీద తల వాల్చింది సవేతా. పొద్దుతిరుగుడు చేల మీద ఇంకా ఎండ ఉంది. కాసేపటికి లంగా మడతలు సాపు చేస్తున్న చెయ్యి జారింది. ఔరికా రెండుసార్లు పిలిచింది. ముక్కు దగ్గర వేలు పెట్టింది. ఊపిరి సన్నగా, ఆగి ఆగి ఆడుతోంది.

"కొవ్వొత్తి! ఎవరి దగ్గరైనా కొవ్వొత్తి ఉందా?"

ఎవరి దగ్గరా లేదు. డ్రైవరు బండి ఆపాడు. ఒక చేత్తో అంబులెన్స్‌కు ఫోన్ చేస్తూనే రెండో చేత్తో జేబులోని సిగరెట్ లైటరు తీసి ఇచ్చాడు. ఔరికా దాన్ని సవేతా గుప్పిట్లో పెట్టి, ఆ గుప్పిటను తన చేత్తో మూసి, బొటనవేలితో నొక్కింది.

"ఇదుగోనే, వెలుగు. చూసుకుంటూ వెళ్లు."

వేలు కాలుతున్నా వదల్లేదు. బస్సులో ఎవరూ తొందరపెట్టలేదు. ఊపిరి ఒకసారి ఆడింది, మళ్లీ ఆడలేదు.

అంబులెన్స్ వచ్చి సవేతాను తీసుకుపోయింది. ఔరికా, తుదోరిత్సా కూడా దాంట్లోనే ఎక్కారు. డ్రైవరు ఆ వరస దాకా వచ్చి నిలబడ్డాడు. కిటికీ పక్క సీటు మీద ఎర్ర ప్లాస్టిక్ లైటరు పడి ఉంది, మూతి కమిలి, గ్యాసంతా అయిపోయి.