కాలవ దాటించే కర్ర

పెయింట్ల వ్యాపారంలో జుట్టు నెరిసి, ఊళ్లో ఇంకో కొత్త కొట్టు తెరవబోతున్న పెద్దమనిషికి ఒకే ఒక్క దిగులు. ఆదివారం గోల్ఫ్ ఆటలో ఆఖరి గుంటకు ముందు ఒక కాలవ ఉంది. ఆయన బంతి ఆ కాలవ దాటడం లేదు. వారం వారం బుడుంగుమని మునుగుతోంది. అది మునిగినప్పుడల్లా పక్కనున్న టైల్స్ వ్యాపారి నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని దగ్గుతున్నాడు. అది దగ్గు కాదని పెద్దమనిషికి తెలుసు.

తప్పు తన నడుముదేమోనని ఆయనకు తోచలేదు. పుట్టి బుద్ధెరిగాక ఏ తప్పూ ఆయనది కాలేదు. కాబట్టి తప్పు కర్రది. గడ్డి మీద పడున్న బంతిని దూరం కొట్టే ఆ కర్రను ఫెయిర్‌వే వుడ్ అంటారు. పేరులో తప్ప ఒంట్లో ఎక్కడా చెక్క ఉండదు, అంతా లోహమే. పెద్దమనుషుల వస్తువులు కూడా పెద్దమనుషుల్లాగే ఉంటాయి మరి.

"కొత్తది కొనాలి. ఇద్దరూ వచ్చి చూసిపెట్టండి," అన్నాడు భోజనాల బల్ల దగ్గర అల్లుళ్లిద్దరితో. "నా చేతికి ఒక కర్ర చూడలేనివాడు రేపు నా కొత్త కొట్టేం చూస్తాడు?"

పెద్దల్లుడి చేతిలో ముద్ద నోటిదాకా వచ్చి ఆగింది. కొత్త కొట్టులో అద్దాల గది ఉంది. గదిలో తిరిగే కుర్చీ ఉంది. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆయన బతుకంతా కిటికీ లేని గోడౌన్‌లోనే గడిచింది. డబ్బాలు దింపించడం, రంగులు కలిపే యంత్రానికి మేత వెయ్యడం, గోళ్ల కింద చేరిన రంగును కిరసనాయిలుతో తోముకోవడం. బడి మధ్యలో మానేసినవాడికి ఇదే ఎక్కువ అన్నది ఆ ఇంటివాళ్ల అభిప్రాయం. ఎవరూ పైకి అనరు. అన్నం వడ్డించే తీరులో తెలుస్తుంది. చిన్నల్లుడికి మాత్రం చదువుంది, మెడకు టై ఉంది, మామగారు ఏం చెప్పినా ముందే నవ్వి పెట్టుకునే మొహం ఉంది.

బయల్దేరే పొద్దున పెద్దల్లుడికి భార్య చొక్కా అందిస్తూ అంది. "ఏవండీ, నాన్న కొట్టినట్టు కొట్టండి. మీరు కొట్టినట్టు కాదు."

"అంటే?"

"ఆయన నడుం తిరగదు. మీరూ అలాగే మెల్లగా కొట్టండి. అలా కొట్టినా ఏది పైకి లేస్తే అదే కొనిపించండి. దూరం గీరం మనకెందుకు? కాలవ దాటితే చాలు, కుర్చీ మీది."

"ఆ మాత్రం నాకు తెలీదా?"

"తెలుసు. కానీ మీ తోడల్లుడు పక్కనుంటే మీకు తెలిసిందేదీ గుర్తుండదు. అదీ నా భయం."

ఆయనకు ఒళ్లు మండింది. నిజం చెప్పినవాళ్ల మీద మండినట్టు ఇంకెవరి మీదా మండదు.

గోల్ఫ్ సామాన్ల దుకాణం మేడ మీద ఉంది. పొడుగాటి గది, రబ్బరు వాసన. ఒక చివర గుడ్డ తెర, దాని మీద ఎక్కడిదో పచ్చటి మైదానం బొమ్మ. చాప మీద బంతి పెట్టి తెరకేసి కొడితే అది ఎంత ఎత్తు లేచిందో, ఎంత దూరం పోయిందో యంత్రం లెక్క కట్టి చూపిస్తుంది. దర్జీలా మెడలో టేపు వేసుకున్న కొలతలాయన ఎదురొచ్చాడు.

"ఆడేదెవరు సార్?"

"నేనే," అన్నాడు మామగారు కుర్చీలో కూలబడుతూ.

"అయితే రండి, ఒకటి రెండు కొట్టండి, చూద్దాం."

"నాకు నడుం పట్టేసింది. వీళ్లు కొడతారు."

"వీళ్లు కొడితే మీ కొలత ఎలా తెలుస్తుంది సార్?"

"నా కొట్లో డబ్బాలు నేను మోస్తున్నానా? సంతకం ఒక్కటే నాది, మిగతాదంతా వీళ్లే. కొట్టనివ్వవయ్యా!"

చెప్పులు కొనడానికొచ్చి పక్కింటాయన కాలు చాపించినట్టుంది వ్యవహారం. కొలతలాయన మామగారి వేళ్ల ఉంగరాల వంక చూసి, కర్రలు తెచ్చి వరసగా నిలబెట్టాడు.

పెద్దల్లుడు తేలికపాటిది ఒకటి తీశాడు. దాని తలకాయ కాస్త వెనక్కి వాలి ఉంది, షాఫ్ట్ అనే పొడుగాటి కాడ బెత్తంలా వంగుతోంది. ఆదివారాలు మామగారి గోల్ఫ్ సంచి మోసీ మోసీ ఆయనకు ఆట పట్టుబడింది, మామగారి వంకరలన్నీ కంఠతా వచ్చాయి. మోకాళ్లు బిగించి, నడుం కదపకుండా, చేతుల్తోనే మెల్లగా ఊపాడు. బంతి దర్జాగా పైకి లేచి, తెర మీది బొమ్మ కాలవ దాటి మెత్తగా పడింది. ఇదే, అనుకున్నాడు.

"అన్నయ్యగారూ, పొద్దున ఏమీ తినకుండా వచ్చారా?" అన్నాడు చిన్నల్లుడు.

మామగారు కూడా కిసుక్కుమన్నాడు. "ఏమయ్యా, డబ్బాలు మోసిన ఒంట్లో సత్తువ ఇంతేనా?"

"మీరు కొట్టినట్టు కొట్టానండీ మామయ్యగారూ."

మామగారి నవ్వు ఎగిరిపోయింది. "నేను అలా కొడతానా? చీపురు పట్టిన ముసలమ్మలా?"

చిన్నల్లుడు టైని భుజం మీద వేసుకుని, నల్లటి కర్ర ఒకటి తీశాడు. షాఫ్ట్ గడ్డపారంత బిర్రుగా ఉంది. ఆట రాదు గానీ వయసుంది. పీకి కొట్టాడు. బంతి వంకరగా పోయినా దూరం పోయింది. "భలే బాబూ!" అన్నాడు మామగారు. చిన్నల్లుడు తోడల్లుడి వైపు తిరిగి పళ్లన్నీ చూపించాడు.

ఆ పళ్లు చూడగానే పెద్దల్లుడు భార్య మాట మర్చిపోయాడు. మర్చిపోయాడనడం కూడా ఆయన్ని కాపాడటమే. గుర్తుండగానే తోసేశాడు. ఆ నల్ల కర్రే లాక్కుని, ఇన్నేళ్ల గోడౌన్ కసినంతా భుజాల్లోకి తెచ్చుకుని ఒక్కటి ఇచ్చాడు. తెర గుడ్డ దభీమంది. బొమ్మలోని బంతి మైదానం చివర చెట్లలోకి పోయింది.

మామగారు నడుం నొప్పి సంగతి మర్చిపోయి లేచి నిలబడ్డాడు. "అదీ! అదీ నా కొట్టుడు! అచ్చం నేనే! ఇదే కట్టవయ్యా."

"సార్, దీని షాఫ్ట్ కొంచెం బిర్రు. మెల్లగా కొడితే బంతి లేవదు. మీ వయసుకి..."

"బిర్రుదే కావాలి."

అప్పుడైనా పెద్దల్లుడు నోరు విప్పొచ్చు. విప్పలేదు. నెగ్గినవాడి మొహం పెట్టుకుని కర్ర సంచిలో దోపాడు. మెట్లు దిగుతుంటే చిన్నల్లుడు మెల్లగా అన్నాడు. "ఎంచింది మీరేనండోయ్ అన్నయ్యగారూ. నేను కాదు."

ఆదివారం కాలవ దగ్గర మామగారు కొత్త కర్రతో నిలబడ్డాడు. మెల్లగా ఊపాడు. కర్ర ఆయన మాట వినలేదు. బంతి పైకి లేవకుండా గడ్డిలో పాకుతూ పోయి బుడుంగుమంది. ఇంకోటి. బుడుంగు. టైల్స్ వ్యాపారి ఈసారి రుమాలు కూడా తియ్యలేదు, హాయిగా పొట్ట పట్టుకున్నాడు.

"ఇంత మంచి కర్ర ఎవరు ఎంచారండీ?"

"అన్నయ్యగారేనండీ," అన్నాడు చిన్నల్లుడు, పాపం, అడిగినదానికి జవాబు చెబుతున్నట్టు.

మామగారు ఒక్క మాట కూడా తిట్టలేదు. కర్రను పెద్దల్లుడి చేతిలో పెట్టాడు. "ఇది నువ్వే ఉంచుకో. వచ్చేవారం నుంచి బాబు సంచి మోస్తాడులే. నువ్వు గోడౌన్ చూసుకో."

అద్దాల గది తెరిచిన రోజున చిన్నల్లుడు కుర్చీలో రెండు చుట్లు తిరిగాడట. భార్య చెప్పింది. చెప్పి, ఇంకేమీ అనలేదు. అంటే బాగుండేది.

ఒక మధ్యాహ్నం పెద్దల్లుడు నల్ల కర్ర పట్టుకుని గోడౌన్ వెనక బయలులోకి వెళ్లాడు. అక్కడ మురికి కాలవ ఉంది. మట్టి మీద బంతి పెట్టి కొట్టాడు. దారం లాగినట్టు పోయి, కాలవ దాటి, అవతల ఖాళీ స్థలం కూడా దాటింది. ఇంకోటి కొట్టాడు. అదీ అంతే. ఆయన చేతికే పోతపోసినట్టుంది దరిద్రపు కర్ర. చూసేవాడు లేడు.

జేబులో ఫోను మోగింది.

"అన్నయ్యగారూ, తెల్లరంగు డబ్బాలు కాస్త తొందరగా పంపండి. నేను మేడ మీద దుకాణంలో ఉన్నా. మామయ్యగారికి ఇంకో కర్ర చూస్తున్నాం. ఆయన కూర్చున్నారు, నేనే కొడుతున్నా. మీకు అనుభవం ఉందిగా, ఏమైనా చెబుతారా?"

పెద్దల్లుడు కర్ర తలకాయకు అంటిన మట్టిని చొక్కా అంచుతో తుడిచాడు. ఆ రోజు దుకాణానికి బయల్దేరేముందు భార్య చెప్పిన మాటలన్నీ అక్షరం పొల్లుపోకుండా నాలిక చివర ఉన్నాయి.

"గట్టిగా కొట్టు తమ్ముడూ," అన్నాడు. "బాగా గట్టిగా కొట్టు."